రెండు క్లాసులు కలిపితే బలం రెట్టింపు కాదు

సంపాదకులకు నమస్కారం.

బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో ఆడే పాత్రల ఆటల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. తెర లేకుండా, కాగితం పెన్సిలుతో, నలుగురూ కలిసి కథ అల్లుకునే ఈ ఆటకు తెలుగు పత్రిక ఒక పేజీ ఇవ్వడం సంతోషం కలిగించింది. పాత్రను తయారు చేసుకునే పద్ధతి, పాచికల లెక్క చక్కగా వివరించారు. తగాదా అంతా చివర వేసిన బాక్సుతోనే. మల్టీక్లాస్ గురించి అందులో మూడు మాటలు రాశారు. రెండు క్లాసులు కలిపితే రెండింటి శక్తులూ కలిసివచ్చి బలం రెట్టింపవుతుందట. ఇది ఈ మధ్య పుట్టిన అత్యాశట. చిక్కు వస్తే డంజన్ మాస్టర్ (ఆట నడిపే మనిషి) మాటే వేదమట. ఆ డంజన్ మాస్టర్ కుర్చీలో ఏళ్ళ తరబడి కూర్చుంటున్నదాన్ని కాబట్టి మూడో మాటైనా నాకు నచ్చి ఉండాలి. అన్నిటికన్నా అదే ఎక్కువ నచ్చలేదు.

ఆట తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. నేను చెబుతున్నది డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో కూర్పు గురించి, అంటే 2014లో వచ్చిన నియమాలు, వాటిని సవరిస్తూ 2024లో వచ్చిన పుస్తకం. ప్రతి పాత్రకూ ఒక క్లాస్ ఉంటుంది. ఫైటర్ ఆయుధం పట్టేవాడు, విజార్డ్ పుస్తకంలో రాసుకున్న మంత్రాలు వేసేవాడు, క్లెరిక్ దైవబలం మీద నడిచేవాడు, ఇలా. లెవెల్స్ 1 నుంచి 20 వరకు. పాత్ర ఒక లెవెల్ ఎదిగినప్పుడు దాన్ని పాత క్లాసులో కాకుండా కొత్త క్లాసులో తీసుకోవడమే మల్టీక్లాస్. 5వ లెవెల్ ఫైటర్ తర్వాతి లెవెల్‌ను విజార్డ్‌గా తీసుకుంటే అతను ఫైటర్ 5, విజార్డ్ 1, మొత్తం 6. అంతేగాని ఫైటర్ 6, విజార్డ్ 6 కాదు. కొత్త క్లాసుకు ఇచ్చిన ప్రతి లెవెల్ పాత క్లాసు జేబులోంచి తీసిందే. ఫైటర్‌కు 11వ లెవెల్‌లో ఒక్కో విడతకు మూడు దాడులు చేసే శక్తి వస్తుంది. మధ్యలో రెండు లెవెల్స్ విజార్డ్‌గా గడిపినవాడికి అది పాత్ర మొత్తం 13వ లెవెల్ చేరేదాకా రాదు. ఆ రెండు లెవెల్స్ కాలమంతా పక్కవాడు మూడుసార్లు కత్తి దూస్తుంటే మనవాడు రెండుసార్లు దూసి కూర్చోవాలి. రెట్టింపు ఎక్కడుందో నాకైతే కనబడలేదు.

క్లాసులు కలిపేటప్పుడు వచ్చే సందేహాల్లో చాలావాటికి మూలం ఒక్కటే: ఈ వాక్యం ఏ లెవెల్‌ను లెక్కపెడుతోంది, పాత్ర మొత్తం లెవెల్‌నా, ఆ ఒక్క క్లాసు లెవెల్‌నా? వార్‌లాక్ (ఏదో అతీత శక్తితో ఒప్పందం చేసుకుని మంత్రాలు పొందినవాడు) వేసే ఎల్డ్రిచ్ బ్లాస్ట్‌ను చూడండి. అది క్యాంట్రిప్, అంటే ఏ ఖర్చూ లేకుండా ఎన్నిసార్లైనా వేసుకునే చిన్న మంత్రం. 5, 11, 17 లెవెల్స్ దగ్గర దాని కిరణాలు రెండు, మూడు, నాలుగు అవుతాయి. ఆ లెక్క పాత్ర మొత్తం లెవెల్‌ది. కాబట్టి రెండే లెవెల్స్ వార్‌లాక్, తక్కినవన్నీ సోర్సరర్ (పుట్టుకతోనే మంత్రబలం ఉన్నవాడు) అయినా కిరణాలు తగ్గవు. అదే వార్‌లాక్‌కు ఇన్వొకేషన్లు అని ఎంచుకునే ప్రత్యేక శక్తులు ఉంటాయి. వాటిలో కొన్నింటి పక్కన 5వ లెవెల్ ఉండాలి అని రాసి ఉంటుంది. ఆ 5 మాత్రం వార్‌లాక్ లెవెల్. ఒకే క్లాసు, పక్కపక్క పేజీలు, ఒకచోట ఒక లెక్క, మరోచోట మరో లెక్క. నేర్పు ఉన్న పనుల్లో పాచికకు కలిపే ప్రొఫిషియెన్సీ బోనస్ మొత్తం లెవెల్‌ను బట్టి వస్తుంది. రోగ్ అంటే దొంగ; అతను చేసే స్నీక్ అటాక్‌కు, అంటే దొంగదెబ్బకు, కలిసే అదనపు పాచికలు రోగ్ లెవెల్‌ను బట్టి వస్తాయి. ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే నా బల్ల దగ్గరికి వచ్చే సందేహాల్లో సగానికి పైగా నా దాకా రానక్కర్లేదు.

మంత్రాల స్లాట్ల దగ్గర ఇదే సంగతి ఇంకా ముదురుతుంది. స్లాట్ అంటే మంత్రం వేయడానికి ఖర్చు పెట్టే శక్తి. స్లాట్లకూ మంత్రాలకూ ఉండే స్థాయి వేరు, పాత్ర లెవెల్ వేరు. రెండు మంత్ర క్లాసులు కలిసినప్పుడు ఆ లెవెల్స్‌ను పుస్తకం చెప్పిన పద్ధతిలో కూడి, ఉమ్మడి పట్టిక చూసి స్లాట్లు తీసుకోవాలి. కానీ ఏ మంత్రాలు తెలుసు, వేటిని సిద్ధం చేసుకోవచ్చు అన్నది ఏ క్లాసుకు ఆ క్లాసే విడిగా, ఆ ఒక్క క్లాసే ఉన్నట్టుగా చూసుకోవాలి. స్లాట్లు ఉమ్మడి, మంత్రాలు వేరు కాపురం. మా బృందంలో ఒక అబ్బాయి క్లెరిక్ 8, విజార్డ్ 1 పాత్ర ఆడేవాడు. ఉమ్మడి పట్టికలో అది 9, అంటే 5వ స్థాయి స్లాట్ ఒకటి ఉంటుంది. ఓ సమాధిలో అతనికి కోన్ ఆఫ్ కోల్డ్ మంత్రం రాసిన చుట్ట దొరికింది. అది 5వ స్థాయి విజార్డ్ మంత్రం. నాకు 5వ స్థాయి స్లాట్ ఉంది, కాబట్టి దీన్ని నా మంత్రపుస్తకంలోకి ఎక్కించుకుంటాను అన్నాడు. ఊరికే అనలేదు, పుస్తకం తెరిచి చూపించాడు. 2014 నాటి తొలి ముద్రణలో విజార్డ్ పేజీలో, నీకు స్లాట్లు ఉన్న స్థాయి మంత్రమైతే ఎక్కించుకోవచ్చు అనే అర్థంలోనే వాక్యం ఉంది. ఆ పేజీ ఒక్కటే చదివితే అబ్బాయి గెలిచినట్టే.

కానీ మల్టీక్లాస్ అధ్యాయం ఆ పేజీకి పైన కూర్చుని ఉంటుంది. విడిగా చూడమంది కాబట్టి ఆ అబ్బాయి విజార్డ్‌గా 1వ లెవెల్ వాడు. 1వ లెవెల్ విజార్డ్‌కు ఒంటరిగా ఉంటే 1వ స్థాయి స్లాట్లే. పుస్తకంలోకి ఎక్కేవి ఆ స్థాయి మంత్రాలే. తర్వాత వచ్చిన సవరణలో ఆ వాక్యాన్నే మార్చి, నువ్వు సిద్ధం చేసుకోగల స్థాయి మంత్రమైతే అని స్పష్టం చేశారు. ఇక ఆ 5వ స్థాయి స్లాట్ దండగా అంటే కాదు. అతని దగ్గరున్న మ్యాజిక్ మిస్సైల్ 1వ స్థాయిలో మూడు బాణాలు వదులుతుంది, పై స్థాయి స్లాట్ వాడిన కొద్దీ ఒక్కొక్క బాణం పెరుగుతుంది. 5వ స్థాయి స్లాట్‌తో ఏడు బాణాలు. ఒక్కటీ గురి తప్పదు. రెండు వారాల పాటు ముఖం మాడ్చుకున్నవాడు ఆ ఏడు బాణాలూ ఒకేసారి వదిలిన రోజు నన్ను క్షమించాడు.

కూడే పద్ధతి అన్నాను కదా, అందులోనూ మెలిక ఉంది. బార్డ్, క్లెరిక్, డ్రూయిడ్, సోర్సరర్, విజార్డ్ లెవెల్స్ పూర్తిగా కూడతారు. ప్రధానంగా ఆయుధం పట్టి, కొద్దిగా మంత్రాలు కూడా వేసే పాలడిన్, రేంజర్ లెవెల్స్‌లో సగమే. 2014 పుస్తకం ఆ సగాన్ని కిందికి సవరించమంటుంది. పాలడిన్ 5 ఒంటరిగా ఉంటే 1వ స్థాయివి నాలుగు, 2వ స్థాయివి రెండు స్లాట్లు. అతను ఒక లెవెల్ సోర్సరర్ తీసుకున్నాడనుకోండి. 5లో సగం 2, దానికి ఒకటి కూడితే 3. పట్టికలో 3 దగ్గర ఉన్నవి నాలుగు, రెండు. ఒక లెవెల్ మొత్తం ఖర్చు పెట్టి స్లాట్ల లెక్కలో ఒక్క మెట్టు కూడా ఎక్కలేదన్నమాట. 2024 పుస్తకం సగాన్ని పైకి సవరించమంది కాబట్టి ఇప్పుడు అదే పాత్రకు 4 వస్తుంది, 2వ స్థాయి స్లాట్లు మూడవుతాయి. మంచి మార్పు.

అయితే పాలడిన్ 3, రేంజర్ 3 అయితే? పాలడిన్, రేంజర్ క్లాసుల్లోని నీ లెవెల్స్‌లో సగం అనే తీరులో ఉన్న ఆ వాక్యాన్ని రెండు రకాలుగా చదవవచ్చు. ముందు కలిపి తర్వాత సగం చేస్తే 6లో సగం 3. దేనికది సగం చేసి కలిపితే, 2014 లెక్కలో ఒకటి, ఒకటి, మొత్తం 2. రెండో చదువు ప్రకారం మొత్తం 6వ లెవెల్‌కు ఎదిగిన పాత్రకు 1వ స్థాయి స్లాట్లు మూడే. ఒంటరి పాలడిన్‌కు 3వ లెవెల్‌లోనే అవి ఉంటాయి. ఇది అన్యాయమని నా బల్ల దగ్గర కలిపి సగం చేసే చదువునే ఖాయం చేశాను. తమాషా ఏమిటంటే 2024లో పైకి సవరించడం మొదలయ్యాక లాభం అటు తిరిగింది. దేనికది సగం చేస్తే రెండు, రెండు, మొత్తం 4; కలిపి సగం చేస్తే 3. వెంటనే మా వాళ్ళు, అమ్మా, ఇప్పుడు దేనికది చేద్దాం అన్నారు. కుదరదన్నాను. పుస్తకం మారినప్పుడల్లా లాభం వచ్చే వైపుకు చదువు మారిస్తే అది తీర్పు కాదు, బేరం.

పేరు ఒకటే అయిన శక్తుల సంగతి సులువు. మీ బాక్సులో ఫైటర్ 5, రేంజర్ 5 అయిన పాత్రకు మూడు దాడులు వస్తాయని వేశారు. రావు. రెండు క్లాసులూ ఇచ్చేది ఎక్స్‌ట్రా అటాక్ అనే ఒకే శక్తి, అది కలవదని మల్టీక్లాస్ నియమం పేరు పెట్టి మరీ చెప్పింది. దాడులు రెండే. ఆవేశంతో పోరాడే బార్బేరియన్‌కూ వట్టి చేతులతో పోరాడే మాంక్‌కూ అన్ఆర్మర్డ్ డిఫెన్స్, అంటే కవచం లేకుండానే దెబ్బ కాచుకునే శక్తి, ఉంటుంది. బార్బేరియన్‌కు 10కి డెక్స్టెరిటీ (చురుకుదనం), కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టిదనం) బోనస్‌లు కలుపుతారు, మాంక్‌కు డెక్స్టెరిటీ, విజ్డమ్ (వివేకం). మూడూ కలిపేసుకోవచ్చా అని అడగని కొత్త ఆటగాణ్ణి నేను చూడలేదు. 2014 నియమం ప్రకారం కలపడం మాట దేవుడెరుగు, రెండోది అసలు రానే రాదు. ముందు ఏ క్లాసు తీసుకుంటే ఆ లెక్కే జీవితాంతం. అదే డ్రాగన్ వంశపు సోర్సరర్‌కు ఉండే చర్మకవచానికి వేరే పేరు ఉంది కాబట్టి అది వస్తుంది, కానీ రెండు లెక్కల్లో ఒకదాన్నే ఎంచుకోవాలి. వరుస ఇంత ముఖ్యమని మీ వ్యాసంలో ఎక్కడా లేదు. ఫైటర్‌గా పుట్టినవాడికి భారీ కవచం వాడే నేర్పు ఉంటుంది. తర్వాత ఫైటర్‌గా మారినవాడికి ఉండదు. సేవింగ్ త్రోల (ఆపద తప్పించుకోవడానికి వేసే పాచికల) నేర్పు కూడా మొదటి క్లాసుతో వచ్చేదే.

ఇక మీ వ్యాసకర్త మోసం అని ముద్ర వేసిన పాత్ర గురించి కాస్త ఎక్కువ మాట్లాడనివ్వండి, ఎందుకంటే నాకు ఆ పాత్రంటే ఇష్టం. బార్బేరియన్, రోగ్ కలిపి చేతికి రేపియర్ అనే సన్నని పొడుపు కత్తి ఇచ్చిన పాత్ర. బార్బేరియన్ రెండో లెవెల్‌లో రెక్‌లెస్ అటాక్ వస్తుంది: తెగించి కొడితే ఆ విడతలో అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్ద అంకె తీసుకునే అవకాశం) దొరుకుతుంది, కానీ కొట్టేది స్ట్రెంగ్త్‌తో (కండబలంతో) అయి ఉండాలి. రోగ్ చేసే స్నీక్ అటాక్‌కు అడ్వాంటేజ్ గాని, శత్రువు పక్కనే మనవాడొకడు గాని ఉండాలి, ఆయుధం ఫినెస్ రకానిదో దూరం నుంచి కొట్టేదో అయి ఉండాలి. రేపియర్ ఫినెస్ ఆయుధం. ఫినెస్ ఆయుధాన్ని డెక్స్టెరిటీతోనైనా స్ట్రెంగ్త్‌తోనైనా వాడవచ్చు. స్నీక్ అటాక్ నియమం ఆయుధం ఏ రకమో అడిగిందే తప్ప దాన్ని ఏ బలంతో ఊపుతున్నావని అడగలేదు. కాబట్టి స్ట్రెంగ్త్‌తో రేపియర్ దూస్తే తెగింపూ పని చేస్తుంది, దొంగదెబ్బా పని చేస్తుంది, రేజ్ అనే బార్బేరియన్ ఆవేశంలో ఉంటే ఆ అదనపు నష్టమూ కలుస్తుంది. ఇందులో ఎక్కడా నియమాన్ని వంచలేదు. ప్రతి షరతునూ అక్షరాలా పాటించారు. దొంగ అంటే సన్నగా, చీకట్లో నక్కి ఉండాలనే ఊహ మనది, పుస్తకానిది కాదు. అరుస్తూ మీద పడి, సరిగ్గా కీలు సందులో పొడిచే దొంగను నేను బల్ల దగ్గర చూశాను, అంత వినోదం ఏ సన్నని దొంగా ఇవ్వలేదు.

నిజంగా అడ్డు చెప్పవలసిన చోట మీ వ్యాసం మౌనంగా ఉంది. మల్టీక్లాస్ చేయాలంటే కొత్త క్లాసు కోరే సామర్థ్యం (స్ట్రెంగ్త్, డెక్స్టెరిటీ వంటి వాటి అంకె) కనీసం 13 ఉండాలి. పాత క్లాసు కోరేది కూడా 13 ఉండాలి. ఈ రెండో షరతును జనం మింగేస్తారు. 2017లో వచ్చిన అనుబంధ పుస్తకంలోని హెక్స్‌బ్లేడ్ అనే వార్‌లాక్ శాఖ కరిజ్మాతో (వ్యక్తిత్వ బలంతో) కత్తి తిప్పనిస్తుంది. దాంతో పాలడిన్ ఆడేవాళ్ళు స్ట్రెంగ్త్‌ను 8కి దించేసి, ఒక్క లెవెల్ హెక్స్‌బ్లేడ్ తీసుకుని, అన్నీ కరిజ్మాతోనే నడిపిద్దామని వస్తారు. పాలడిన్ క్లాసు స్ట్రెంగ్త్ 13, కరిజ్మా 13 రెండూ అడుగుతుంది. స్ట్రెంగ్త్ 8 ఉన్న పాలడిన్ పాలడిన్‌గానే ఉండవచ్చు, ఇంకో క్లాసులో మాత్రం అడుగు పెట్టలేడు.

ఇది ఈ మధ్య పుట్టిన అత్యాశ అన్న మాటకు జవాబు చిన్నది. 1974లో ఈ ఆట మొదటిసారి అచ్చయినప్పుడు ఉన్నవి మూడు క్లాసులే, అయినా ఎల్ఫ్ పాత్ర యోధుడిగానూ మాంత్రికుడిగానూ మారుతూ ఉండేది. 1978 నాటి పుస్తకంలో మనుషులకు ఒక పద్ధతి, మనుషులు కానివాళ్ళకు మరో పద్ధతి ఉండేవి. బార్డ్ కావాలంటే ముందు ఫైటర్‌గా, తర్వాత దొంగగా ఎదిగి రావాలి. 2000లో వచ్చిన మూడో కూర్పు తలుపులు బార్లా తెరిచి, లెవెల్స్ ఎగుడుదిగుడుగా ఉంటే అనుభవ పాయింట్లలో 20 శాతం కోత పెట్టింది. 2008 నాటి నాలుగో కూర్పు ఫీట్ల (విడిగా ఎంచుకునే అదనపు నేర్పుల) ద్వారా కొద్దికొద్దిగా రుచి చూపించింది. ఇదే కోవకు చెందిన పాత్‌ఫైండర్ అనే ఆట 2019 నాటి రెండో కూర్పు, ఇంకో దారిలోకి తలుపు తెరిచే డెడికేషన్ ఫీట్ తీసుకున్నవాణ్ణి అదే దారిలో మరో రెండు ఫీట్లు తీసుకునేదాకా ఇంకో డెడికేషన్ వైపు చూడనివ్వదు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టాలన్న కోరిక ఆటతో పాటే పుట్టింది, దానికి పగ్గాలు వేయడమూ ఆటతో పాటే పుట్టింది.

ఇప్పుడు వేదం సంగతి. పుస్తకం చెప్పిన చోట నా మాటకు పని లేదు. ఆట రూపకర్తల జవాబులు సేజ్ అడ్వైస్ పేరుతో ఒకప్పుడు డ్రాగన్ పత్రికలో శీర్షికగా వచ్చేవి, ఇప్పుడు సంకలనంగా ఉచితంగా దొరుకుతున్నాయి. అక్కడ ఉన్నదాన్ని నేను కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. నా మాట అవసరమయ్యేది పుస్తకం రెండు రకాలుగా చదవడానికి వీలిచ్చిన చోట, లేదా అక్షరం ఒప్పుకున్నా ఆట చెడే చోట. సోర్సరర్, వార్‌లాక్ కలిపి నిద్రే పోకుండా, చిన్న విశ్రాంతికి తిరిగొచ్చే వార్‌లాక్ స్లాట్లను సోర్సరీ పాయింట్లుగా (సోర్సరర్ ఖర్చు పెట్టుకునే శక్తిగా), వాటిని మళ్ళీ స్లాట్లుగా మార్చి పోగేసే పాత్ర ఒకటి ఉంది. ఆటగాళ్ళు దానికి కాఫీలాక్ అని పేరు పెట్టారు. అక్షరం దాన్ని పూర్తిగా ఆపదు. నేను ఆపుతాను. కానీ ఆ సంగతి పాత్ర పుట్టకముందే చెబుతాను.

తేడా అంతా ఆ ముందే అన్న మాటలో ఉంది. మా బల్ల దగ్గర కొత్త క్లాసు తీసుకోదలచినవాళ్ళు ఆట రోజుకు ముందే నాకు రాసి పంపాలి: ఏ పుస్తకం, ఏ పేజీ, ఏ వాక్యం, దానితో ఏం చేయబోతున్నారు. నేను అవుననో కాదనో అప్పుడే చెబుతాను. కాదంటే వాళ్ళు వేరే దారి చూసుకుంటారు, ఎవరి మనసూ విరగదు. ఇదే ప్రశ్న రాక్షసుడి ముందు నిలబడి, చేతిలో పాచికలు పట్టుకుని అడిగితే నా జవాబు న్యాయంగా ఉండటం కష్టం. అవునంటే ఆ ఒక్కడి కోసం పోరు మారిపోతుంది, కాదంటే మూడు నెలలుగా పెంచుకున్న పాత్ర ఒక్క మాటతో కూలిపోతుంది. తప్పనిసరై మధ్యలో తీర్పు చెబితే అది ఆ పోరుకే చెల్లుతుంది; ఇంటికి వెళ్ళి పుస్తకం చూసి వచ్చే వారం ఖాయం చేస్తాను. ఆటగాళ్ళు నా మీద అలగకుండా ఇన్నేళ్ళు వస్తున్నారంటే నా మాట వేదం కావడం వల్ల కాదు.

మీరు సవరణ వేస్తారని ఆశిస్తున్నాను. ఫైటర్ 5, రేంజర్ 5 పాత్రకు దాడులు మూడు కాదు, రెండు. 13 షరతు రెండు క్లాసులకూ వర్తిస్తుంది. మూడోది, రేజ్‌లో ఉన్న బార్బేరియన్ పాలడిన్ శక్తి అయిన డివైన్ స్మైట్ వాడవచ్చని మీ బాక్సులో ఉంది. 2014 పుస్తకంలో స్మైట్ మంత్రం కాదు, స్లాట్ ఖర్చు పెట్టే శక్తి మాత్రమే, కాబట్టి ఆ వాక్యం ఒప్పే. 2024లో దాన్ని మంత్రంగా మార్చారు, రేజ్‌లో మంత్రాలు వేయకూడదు, కాబట్టి అదే వాక్యం తప్పు. ఏ వాక్యం ఏ పుస్తకం నుంచి తీసుకున్నారో పక్కన సంవత్సరం వేయండి.

భవదీయురాలు,
మీ పాఠకురాలు, ఒక డంజన్ మాస్టర్